కోమో సరస్సుకి ఇద్దరు వియ్యపురాళ్ళు

జగ్గయ్యపేట,
3 ఫిబ్రవరి 2025

వదినగారికి ప్రసూనాంబ నమస్కారాలు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటా అని కంగారు పడకండి. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మా ఇంట్లో ఫోను మాట్లాడితే అది నేనొక్కదాన్నీ మాట్లాడినట్టు కాదు. నేను హలో అనగానే మీ అల్లుడు టీవీ సౌండు తగ్గించి చెవి ఇటు పడేస్తాడు. మీ అమ్మాయి వంటింట్లోంచి "ఎవరత్తయ్యా?" అంటుంది. ఆత్రేయ ఫోను లాక్కుని అమ్మమ్మకి వీడియో పెట్టమంటాడు. ఇంక వియ్యపురాళ్ళిద్దరం ఏం మాట్లాడుకుంటాం? పైగా పోస్టాఫీసులో బతుకంతా ఊళ్ళోవాళ్ళ ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరయ్యాను. నా పేరున ఒక ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో! మీరు జవాబు రాస్తే ఆ ముచ్చటా తీరుతుంది.

అసలు సంగతికి వస్తాను. నా రిటైర్మెంటుకని పిల్లలు మనిద్దర్నీ మే నెలలో విదేశం పంపిస్తారట. విజయవాడలో ఎవరో టూర్ల వాళ్ళున్నారు. వంటవాణ్ణి కూడా వెంట తీసుకెళ్ళి, ఉల్లి వెల్లుల్లి తగలని వంట విడిగా చేయిస్తారట. "నువ్వూ అత్తగారూ కలిసి వెళ్ళిరండమ్మా, ఒకరికొకరు తోడు. ఎక్కడికో మీరే తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగకండి" అన్నాడు భార్గవ.

కొండలూ సరస్సులూ ఉన్న చోట్లే ఏరి కాగితాలు తెచ్చిచ్చాడు. నేపాల్లో పోఖరా ఉంది. సరస్సు మధ్యలో అమ్మవారి గుడి. కానీ పాస్‌పోర్టు కూడా అక్కర్లేని చోటుకి వెళ్ళి విదేశం వెళ్ళామని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. కజకిస్తాన్లో అల్మాటీ అని ఇంకో ఊరు. ఈమధ్య జనం తెగ వెళ్తున్నారట. మూడోది స్విట్జర్లాండులో ఇంటర్లాకెన్. అక్కణ్ణుంచి మంచు కొండ మీదకి రైలు వెళ్తుందట వదినగారూ! కొండ లోపల సొరంగం తవ్వి అందులోంచి పట్టాలు వేశారట. పైన దిగితే ఎటు చూసినా తెల్లగా మంచే. మన పేటలో మే నెల ఎండ, ఆ సిమెంటు దుమ్ము తలుచుకుంటే, అక్కడ నిలబడితే ఎలా ఉంటుందో అనిపించింది. సరే, నాదేముంది లెండి.

నాలుగోది ఇటలీలో కోమో సరస్సు. ఒడ్డున కొండలు, కొండల కింద చిన్న చిన్న ఊళ్ళు, ఊరినుంచి ఊరికి పడవ మీద పోవడమే. ఇది చూడగానే మీరే గుర్తొచ్చారు. మీకు నీళ్ళంటే ఎంత ఇష్టమో నాకు తెలియదా? పిల్లల పెళ్ళయిన వారంలో మిమ్మల్ని ముక్త్యాల తీసుకెళ్ళి కృష్ణలో పడవెక్కించాను చూడండి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పెదవులు కదుపుతూ ఎంత తన్మయంగా కూర్చున్నారు! దిగాక ఎలా ఉందంటే "అద్భుతం వదినగారూ" అన్నారు. ఆ మొహం నేను మరిచిపోలేదు.

మొహమాటం లేకుండా రాయండి. మనిద్దరి అభిరుచీ ఎప్పుడూ ఒకటే కాబట్టి పేచీ రాదని నా ధైర్యం.

జవాబు కోసం గుమ్మంలో కాచుక్కూచునే,
ప్రసూనాంబ


నందిగామ,
8 ఫిబ్రవరి 2025

పూజ్యులైన వదినగారికి, వైదేహి నమస్కరించి రాసుకునేది.

మీ ఉత్తరం చేరింది. పోస్టుమాన్ పేరు పెట్టి పిలిచేసరికి మీ అన్నయ్యగారు ఏ సమన్లో అనుకుని కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికారు. కోర్టులో సూపరింటెండెంటుగా చేసి దిగిపోయినా కవరు చూస్తే ఆయనకింకా గుండె దడే. మీ చేతిరాత చూశాక కుదుటపడి, "వియ్యపురాలు ఉత్తరం రాసిందంటే సమన్లకి తక్కువేం కాదు" అన్నారు. ఆయన మాటలు పట్టించుకోకండి.

నన్ను కూడా కలుపుకున్నందుకు చాలా సంతోషం. ఎక్కడికనేది మీరు చెప్పడమే, నేను రావడమే. మీరు అన్నీ ఆలోచించే రాసి ఉంటారు. కోమో చాలా బాగుంటుంది.

ఊరికే తెలుసుకుందామని కొన్ని అడుగుతున్నాను. ఆ పడవలు పెద్దవా, చిన్నవా? లోపల గదిలాంటిది ఉంటుందా? కిటికీలు మూసుకోవచ్చా? ఊరినుంచి ఊరికి పడవ మీదే వెళ్ళాలా, రోడ్డు కూడా ఉందా? నీళ్ళు లోతెంత? నాలాంటి లావుపాటి వాళ్ళకి సరిపోయే లైఫ్ జాకెట్లు ఉంటాయా? ఎవరైనా పడవ ఎక్కకుండా ఒడ్డున కూర్చుంటామంటే ఒప్పుకుంటారా? నా కోసం కాదు, మామూలుగానే అడుగుతున్నాను.

మొన్న రథసప్తమికి పిల్లలు పరిటాల ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్తూ ఇక్కడ ఓ గంట ఆగారు. పరమాన్నం ఇంకా పొయ్యి మీద ఉండగానే అల్లుడుగారు కారు తిప్పి పెట్టుకున్నారు. మైథిలితో నాలుగు మాటలు మాట్లాడదామనుకున్నాను. పోనీలెండి, ఇంకోసారి. మీరు దాన్ని కన్నకూతురిలా చూసుకుంటున్నారు, నాకా బెంగ లేదు.

మీ మాటే నా మాటగా,
వైదేహి


జగ్గయ్యపేట,
14 ఫిబ్రవరి 2025

వదినగారూ,

మీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాననుకోండి. ఎంత ఉత్సాహమండీ మీకు! నీళ్ళంటే ఇష్టమని తెలుసుగానీ ఇంత పిచ్చి అనుకోలేదు. "మీ అమ్మ లోతెంతో కనుక్కోమంది, ఈత కొడుతుందేమో" అని మైథిలితో అన్నాను. అది నావంక అదోలా చూసి, "అమ్మ అలా రాసిందా?" అంది. అవునన్నాను. ఇంకేదో అనబోయింది, ఇంతలో దాని ఆఫీసు మీటింగు మొదలైంది. ఇంట్లోంచి ఉద్యోగమంటే ఇదే, నోట్లో మాట నోట్లోనే ఉండగా ఆ డబ్బాలోంచి ఎవరో పిలుస్తారు.

వెంటనే టూరు వాళ్ళకి ఫోన్ చేశాను. పెద్ద పడవలు ఎలాగూ ఉన్నాయి. అవి కాక మనిద్దరమే కూర్చునే చిన్న పడవ ఒక పూటకి మాట్లాడమన్నాను. తెడ్డు మనమే వేసుకోవచ్చట! లోతు నాలుగొందల మీటర్ల పైమాటేనట. మీ కోరిక తీరినట్టే.

వంటవాడితో కూడా మాట్లాడాను. పప్పు ఎలా చేస్తావు, చారులో బెల్లం వేస్తావా అని అన్నీ అడిగాను. గుత్తివంకాయ కూర తప్పనిసరిగా ఉండాలి, మా వదినగారికి ప్రాణం అని చెప్పాను. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మారు వేస్తే కాదనరు కదా మీరు.

స్విట్జర్లాండు కాగితం మైథిలి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మంచినీళ్ళ సీసా తీసినప్పుడల్లా ఆ రైలు కనపడుతుంది. చూస్తే తప్పేముంది? నాకు మంచు చూడాలని చిన్నప్పట్నుంచీ ఉన్నమాట నిజమే, కానీ ఇద్దరు కలిసి వెళ్ళేటప్పుడు ఒకరి సరదా చూసుకుంటే ఎలా? మీకు సంతోషమైతే నాకంతకంటే ఏం కావాలి? ఆయన పోయాక నేను ఇంత హుషారుగా ఉండటం ఇదే మొదటిసారని భార్గవ అంటున్నాడు.

తెడ్డు పట్టడం ఇప్పట్నుంచే సాధన చేస్తున్న,
ప్రసూనాంబ


నందిగామ,
20 ఫిబ్రవరి 2025

వదినగారికి నమస్కారాలు.

నాకోసం మీరు అంత శ్రద్ధ తీసుకోవడం చూస్తే నాకు నోట మాట రావడం లేదు. నిజంగానే రావడం లేదు.

చిన్న పడవ మాత్రం వద్దేమో అనిపిస్తోంది. తెడ్డు వేస్తే మీ భుజాలు నొప్పి పుడతాయి. పెద్ద పడవలైనా ఎక్కడం, దిగడం, అది కాస్త ఊగడం, ఇవన్నీ మీ మోకాళ్ళకి మంచిది కాదు. ఆలోచిస్తే ఆ స్విట్జర్లాండే మేలనిపిస్తోంది. రైల్లో కూర్చుంటే అదే పైకి తీసుకెళ్తుందన్నారు కదా. మీ వయసుకి హాయిగా కూర్చుని చూసేవే సుఖం. ఇది నా కోసం అనడం లేదు, కేవలం మీ ఆరోగ్యం కోసమే. ఆపైన మీ ఇష్టం.

ఆత్రేయకి దగ్గు తగ్గిందా? తమలపాకు రసం, తేనె ఇమ్మన్నానని మైథిలితో అనండి. లేదా మీకేది మంచిదనిపిస్తే అదే ఇవ్వండి.

ఇట్లు,
వైదేహి


జగ్గయ్యపేట,
27 ఫిబ్రవరి 2025

వైదేహిగారికి,

మీ ఉత్తరం అందింది. నా మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. రోజూ తెల్లవారగానే చిల్లకల్లు రోడ్డు మీద నడిచి వస్తాను. మీ అమ్మాయే నా వెనక రొప్పుతూ వస్తుంది, అడగండి. "మీ వయసుకి" అన్నారు. మీకూ నాకూ ఎంత తేడా అనీ? మీ పెళ్ళినాటికి నేనేం పళ్ళూడి లేను.

ముసలిదానితో పడవ షికారు ఏం సరదాగా ఉంటుందని మీకు అనుమానమేమో. ఆ అనుమానం తీరుద్దామనే కోమోకి పేర్లు ఇచ్చేయమని భార్గవతో చెప్పేశాను, ఇచ్చేశాడు కూడా. చిన్న పడవ ఒక పూట కాదు, రెండు పూటలు చేయించాను. ఎవరి భుజాలు నొప్పి పుడతాయో చూద్దాం.

ఆత్రేయకి దగ్గు తగ్గింది.

ప్రసూనాంబ


నందిగామ,
4 మార్చి 2025

పూజ్యులైన వదినగారికి,

మీ మనసు నొప్పించాను. క్షమించండి. మీరు వయసులో పెద్దవారనే గౌరవంతో అన్నానే తప్ప మరో ఉద్దేశం లేదు. చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. కోమోయే ఖాయం చేసుకుందాం. చిన్న పడవ రెండు పూటలూ వస్తాను. మైథిలి మీద కోపం పెట్టుకోకండి, ఇందులో దాని తప్పేం లేదు.

వచ్చే ఆదివారం మీ ఊళ్ళో వెంకటరత్నంగారి అబ్బాయి గృహప్రవేశానికి మీ అన్నయ్యగారు వస్తున్నారు. సున్నుండలు, కందిపొడి పంపిస్తున్నాను. ఆయన్ని భోజనానికి ఉంచుకోండి. కాస్త ఎక్కువ మాట్లాడతారు, ఏమన్నా పట్టించుకోకండి.

మీరేమన్నా శిరసావహించే,
వైదేహి


జగ్గయ్యపేట,
11 మార్చి 2025

వైదేహిగారికి,

అన్నయ్యగారు వచ్చారు, భోంచేశారు, వెళ్ళారు. సున్నుండలు బాగున్నాయి. ఇక విషయం.

గుత్తివంకాయ వడ్డిస్తూ, "మా వదినగారుంటే ఈపాటికి మారు వేయించుకునేవారు" అన్నాను. ఆయన విస్తరి ముందు నవ్వడం మొదలుపెట్టి ఆపలేదు. "మా ఆవిడా? వంకాయా? దానికి ఒళ్ళంతా దద్దుర్లొస్తాయండీ. మీ ఇంటినుంచి వచ్చిన ప్రతిసారీ మాత్ర వేసుకుని పడుకుంటుంది" అన్నారు. గరిటలోది మళ్ళీ గిన్నెలో వేసేశాను. ఆయన ఆగితేగా! "ఆ పడవేమిటండీ, విడ్డూరం కాకపోతే? చిన్నప్పుడు మునేట్లో కొట్టుకుపోతుంటే ఎవరో జుట్టు పట్టి లాగారట. అప్పట్నుంచీ బకెట్ నిండా నీళ్ళున్నా దూరంగా నిలబడుతుంది. మొన్న వరదల్లో ఐతవరం దగ్గర హైవే మునిగితే టీవీలో చూసి జ్వరం తెచ్చుకుంది. ముక్త్యాల పడవలో విష్ణు సహస్రనామం చదువుకుందట, దిగేదాకా" అన్నారు.

మైథిలి తల వంచుకుని కూర్చుంది. దానికీ తెలుసన్నమాట. "నాచేత ఒట్టు పెట్టించుకుంది అత్తయ్యా" అంది.

ఎంత సిగ్గేసిందో మీకు తెలుసా? నేనొక వెర్రిదాన్నై, మీకిష్టమని ఆ రైలూ మంచూ వదిలేసుకుని, ఇక్కడ గోడకి చీపురు ఆనించి తెడ్డు వేయడం నేర్చుకుంటున్నాను. మీరేమో అక్కడ మాత్రలు మింగుతున్నారు. పిల్లల పెళ్ళయి తొమ్మిదేళ్ళు! నేను ఏ పండక్కి ఏ చీర పెట్టినా "ఇదే నాక్కావలసిన రంగు" అన్నారే, అది? వాడికి ఆత్రేయ అని పేరు పెడదామంటే "నా మనసులో మాట చెప్పారు" అన్నారే, అది? ఇరుగుపొరుగు అందరితోనూ చెప్పుకునేదాన్ని. వియ్యపురాళ్ళంటే కత్తులు నూరుకుంటారు, మాకలా కాదు, అక్కచెల్లెళ్ళలా ఉంటాం అని. ఆయన పోయాక మనసు విప్పి మాట్లాడుకునే మనిషి నాకు మీరొక్కరే అనుకున్నాను. నేనొక్కదాన్నే విప్పాను, మీరు తలుపేసుకుని లోపల కూర్చున్నారు.

మీరేం కోరుకుంటున్నారో ఈ ఒక్కసారైనా నిజం రాయండి. రాయలేకపోతే అసలు రాయకండి, నేనేమీ అనుకోను.

ప్రసూనాంబ


నందిగామ,
19 మార్చి 2025

వదినగారికి,

నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చించేశాను. అన్నిట్లోనూ మొదటి మాట క్షమించండి అనే ఉంది. ఈసారి ఆ మాట లేకుండా రాస్తున్నాను.

నిజమే. వంకాయ నాకు పడదు. నీళ్ళంటే చచ్చేంత భయం. మీరు పెట్టిన చీరల్లో ఆకుపచ్చది నిజంగానే నచ్చింది, మిగతావి నచ్చలేదు. పేరు మాత్రం నిజంగా నా మనసులోదే, దాని మీద ఎంత ఒట్టైనా వేస్తాను.

మైథిలిని మీ ఇంటికి పంపే ముందు మా అమ్మ నన్ను పక్కకి పిలిచి, "వియ్యపురాలి మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పకే. నువ్వొక మాట అని వచ్చేస్తావు, ఆ మాట కింద కాపురం చేయాల్సింది నీ కూతురు" అంది. ఆ మాట నా లోపల అలా నాటుకుపోయింది. మీరు మంచివారు కాదని కాదు. మీరు దాన్ని ఒక్క మాటైనా అన్నట్టు నేనెప్పుడూ వినలేదు. వినలేదు కాబట్టే, ఎప్పుడంటారో, నా వల్ల ఎక్కడంటారో అని భయపడేదాన్ని. మీ ఇంట్లో వంకాయ తిన్న ప్రతిసారీ నా బిడ్డ ఇంకొన్నాళ్ళు సుఖంగా ఉంటుందిలే అనుకునేదాన్ని. రాస్తుంటే నాకే పిచ్చిదానిలా అనిపిస్తోంది, కానీ అలాగే అనుకున్నాను.

ఏం కోరుకుంటున్నారో రాయమన్నారు. రాస్తాను. చదివాక మీరు నాతో మాట్లాడకపోయినా సరే.

నాకు కోమో వద్దు. స్విట్జర్లాండైనా, అల్మాటీ అయినా నాకొకటే. కొండా సరస్సా అన్నది నాకసలు ముఖ్యం కాదు. నాకు మైథిలితో వెళ్ళాలని ఉంది. మీతో కాదు, నా కూతురితో.

నందిగామకీ పేటకీ ఎంత దూరమండీ? బస్సెక్కితే గంటలోపే. సంబంధం కుదిరినప్పుడు దగ్గర్లోనే ఇస్తున్నానని ఎంత మురిసిపోయానో! ఆ దగ్గరే నా కొంప ముంచింది. దాని స్నేహితురాలు రూబీని వైజాగ్ ఇచ్చారు. వచ్చిందంటే నెల్లాళ్ళు తల్లి దగ్గరుండి వెళ్తుంది. మైథిలి వారం వారం వస్తుంది. పొద్దున వస్తుంది, పొద్దుపోయేలోపు వెళ్ళిపోతుంది. "ఎంతసేపు అత్తగారూ, మళ్ళీ వస్తాంగా" అంటారు అల్లుడుగారు. ఆయన తప్పేం లేదు, నిజంగానే మళ్ళీ వస్తారు. కానీ పెళ్ళయిన మొదటి ఆషాఢం తరవాత అది నా పక్కన పడుకున్న రాత్రి లేదు. రెండో మాట ఎత్తేలోపే చెప్పులేసుకుంటుంది.

పురుడు కూడా మా ఇంట్లో పోయలేకపోయాను. గదికి సున్నం వేయించాను, ఉయ్యాల కడిగి ఎండబెట్టాను. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. "ఈ పరిస్థితుల్లో ఎందుకు వదినగారూ, ఆసుపత్రి నుంచి మా ఇంటికే తీసుకొచ్చేస్తాను" అని మీరు ఫోన్లో అన్నారు. నేను "అలాగేనండి, మీ ఇష్టం" అన్నాను. ఫోను పెట్టేసి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ రోజు మీరు చేసింది తప్పని అనడం లేదు. నేను కాదనలేకపోయానే అని నా ఏడుపు.

ఇది మీ రిటైర్మెంటు ప్రయాణం. మీ చోటు అడుగుతున్నాను. ఇంతకంటే తప్పు ఏ వియ్యపురాలూ చేసి ఉండదు. అయినా మీరడిగారు కాబట్టి రాశాను.

వైదేహి


జగ్గయ్యపేట,
2 ఏప్రిల్ 2025

వైదేహిగారికి,

ఆలస్యమైంది. కావాలనే ఆలస్యం చేశాను.

మీ ఉత్తరం చదివిన రోజు పొయ్యిలో పెడదామనుకున్నాను. పోస్టాఫీసు మనిషిని కదా, చెయ్యి రాలేదు. "మీతో కాదు" అని రాశారు చూడండి, ఆ ముక్క దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను. తరవాతది చదవడానికి ధైర్యం చాలలేదు. ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది, లేదంటే అబద్ధమవుతుంది.

ఉగాది నాడు పచ్చడి కలుపుతూ మైథిలిని అడిగాను, "మీ ఇంటికి వెళ్తే ఒక పూట ఉండి రావచ్చుగదే, ఎందుకు వచ్చేస్తావు?" అని. "దగ్గరేగా అత్తయ్యా" అంది. మీరు రాసిన మాటే. ఆపైన, "అమ్మ ఎప్పుడూ ఉండమని అడగలేదు" అంది. అడగదు కదా మరి! అడిగితే నేనేమనుకుంటానో అని మీరు అడగరు, మీరు అడగలేదని అది ఉండదు. నేనేమో మధ్యలో ఏమీ తెలియకుండా వంకాయలు కోసుకుంటున్నాను. మనకంటే తెలివిగలవాళ్ళు ఇంకెక్కడా ఉండరు.

పురుడు సంగతి చదివాను. దాని గురించి ఇప్పుడు రాయను.

నా బదులు మైథిలి వస్తుంది. "మీ ట్రిప్పు నేనెలా వెళ్తానత్తయ్యా, నేను వెళ్ళను" అని ఏడుపు మొహం పెట్టింది. భార్గవ కూడా గొణిగాడు. ఇద్దర్నీ కేకలేశాను. ఆఫీసు పనిమీద జర్మనీ వెళ్ళినప్పటి వీసా దానికింకా ఉందట, అది ఇటలీకీ స్విట్జర్లాండుకీ కూడా చెల్లుతుందట, ఆ తలనొప్పి లేదు. ఆత్రేయని నేను చూసుకుంటాను. చోటు మార్చాలంటే ఈ వారంలోనే చెప్పాలన్నారు. కొండో సరస్సో తల్లీకూతుళ్ళు మాట్లాడుకుని టూరు వాళ్ళకే చెప్పండి, నన్నడగొద్దు. వంటవాడికి నేనే ఫోన్ చేసి వంకాయ మాన్పించాను.

నాకోసం తగ్గి మాట్లాడొద్దని మళ్ళీ చెప్పను. అక్కణ్ణుంచి ఒక్క ఉత్తరం మాత్రం రాయండి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని, ఉన్నదున్నట్టు.

ప్రసూనాంబ


ఇంటర్లాకెన్, స్విట్జర్లాండు,
17 మే 2025

వదినగారికి,

బాగుంది. కానీ నేననుకున్నట్టు లేదు. రెండూ నిజమే.

మీరు ఫ్రిజ్ మీద చూసిన రైలే ఎక్కాం. పైన దిగగానే తెలుపు తప్ప కంటికి ఇంకేమీ కనపడదు. మొదట గొప్పగా ఉంది. కాసేపటికి కళ్ళు మండాయి, ముక్కు మొద్దుబారింది, సాక్సు తడిసిపోయి లోపలికి పరిగెత్తుకొచ్చాం. మీరైతే ఇంకాసేపు ఉండేవారేమో. ఇక్కడ ఊరికి రెండువైపులా రెండు సరస్సులు. మిగతావాళ్ళు పడవెక్కితే నేను ఎక్కనని చెప్పాను. "ఎందుకండీ, ఏం కాదు" అని అందరూ లాగారు. ఎక్కనంటే ఎక్కనన్నాను. అలా అనడం తేలికేనని ఈ వయసులో తెలిసింది. మైథిలి కూడా ఆగిపోయి నాతో ఒడ్డున బెంచీ మీద కూర్చుంది.

మొదటి రోజు మేమిద్దరం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఏం మాట్లాడాలో తెలియక ఆత్రేయ గురించి మాట్లాడుకున్నాం. రెండో రోజు పోట్లాడుకున్నాం. స్వెటర్ వేసుకోవే అని నేను, చలి లేదమ్మా అని అది. "అత్తయ్యైతే ఒక్కసారి చెప్పి ఊరుకుంటారు, నువ్వే సాధిస్తావు" అంది. నాకు రోషం వచ్చింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. తరవాత అదే వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. పెళ్ళికి ముందు జుట్టు ఇంత పల్చగా ఉండేది కాదు. తల దువ్వుతుంటే ఆఫీసు గురించి, రెండో బిడ్డ గురించి, భార్గవ కోపం గురించి, మీ గురించి చెప్తూనే ఉంది. మీ గురించే ఎక్కువ.

ఇవాళ కొండ దిగేసరికి దానికి తలనొప్పి పట్టుకుంది. ఎత్తు మీదకి వెళ్తే కొందరికి అలా అవుతుందట. భోజనం చేయకుండా గదికొచ్చి పడుకుంది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి కళ్ళు తెరవకుండానే అటు తిరిగి, "అత్తయ్యా, తల పగిలిపోతోంది, కాస్త అమృతాంజనం రాయరూ" అంది.

అమ్మా అనలేదు వదినగారూ. దానికోసం ఇంత దూరం వచ్చి, పక్కన కూర్చున్నది నేను. ఉన్నదున్నట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మీ మీద ఎంత అసూయ పుట్టిందంటే, మీరెదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. అమృతాంజనం రాశాను. మీరే రాస్తున్నారనుకుని నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

అది నిద్రపోయాక ఈ కాగితం ముందేసుకున్నాను. ఒంట్లో బాగాలేనప్పుడు నా బిడ్డ నోటికొచ్చే పేరు మీదైతే, ఇన్నేళ్ళూ నేను దేనికి భయపడ్డాను? ఎవరి కోసం అవునవునంటూ వచ్చాను? దానికేమీ కాదు. నేను మిమ్మల్ని ఏమన్నా, మీరు నన్ను ఏమన్నా, దానికేమీ కాదు. ఇది నాకు తొమ్మిదేళ్ళ క్రితమే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

వచ్చే బుధవారం హైదరాబాదులో దిగుతాం, పోస్టు నాకంటే వెనకపడుతుంది కాబట్టి ఈ కాగితాలు ఫొటో తీసి మీ ఫోనుకే పంపుతున్నాను. గరికపాడు చెక్‌పోస్టు దాటాక మీ ఊరే ముందొస్తుంది కాబట్టి సరాసరి మీ ఇంటికే వస్తాను. మైథిలినీ భార్గవనీ ఆత్రేయతో ఎటైనా పంపించేయండి. పురుడు సంగతి ఇప్పుడు రాయనన్నారు, సరే. నేను మాత్రం ఆ విషయం మీతో గట్టిగా పోట్లాడాలి.

మీ
వైదేహి